కుళాయిలో దొరికిన లెఫ్ట్‌బ్యాక్

మే 6

తల్లీ,

నీకూ, నీ గది గడపకూ, నువ్వు పట్టీలు కట్టే మోకాళ్ళన్నిటికీ శాంతి సమాధానాలు కలుగును గాక.

సీజన్ ముగిసింది. మన పచ్చచొక్కాలు కింది డివిజన్‌కి జారకుండా ఎలాగో బయటపడ్డాయి. ఎలాగని అడగకు. ఆఖరి మ్యాచ్‌లో అవతలి జట్టు డిఫెండరు బంతిని తన గోల్‌లోకే తానే కొట్టుకున్నాడు. దాన్ని మన అధ్యక్షుడు వ్యూహం అంటున్నాడు. నేను కృప అంటున్నాను.

ఇక అసలు సంగతి. ఆటగాళ్ళని కొనుక్కునే కాలం వచ్చింది. గ్యాలరీ పైకప్పు బాగుచేయించగా మిగిలిన సొమ్ము ఒక్క ఆటగాడికి సరిపోతుందట. ఒక్కడికే. ఐదు రొట్టెలూ రెండు చేపలతో అంతమందికి వడ్డించాల్సి వచ్చినవాళ్ళ పరిస్థితి మనది. కానీ మన అధ్యక్షుడి చేతిలో ఏదైనా పెరగడం నేనింతవరకు చూడలేదు.

జూన్ చివరి ఆదివారం సాయంత్రం మైదానంలో సభ. చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని చూశావు, గుర్తుందా? మనకి చేతులెత్తడాలూ చీటీలూ లేవు. కమిటీ రెండు జవాబులు చెబుతుంది. మొదటిది కావాలన్నవాళ్ళు రైలుకట్ట వైపు గోల్‌పోస్టు వెనక నిలబడాలి, రెండోది కావాలన్నవాళ్ళు గిడ్డంగి వైపు గోల్‌పోస్టు వెనక. ఎటు జనం ఎక్కువుంటే డబ్బు అటు. ఎవడెటు నిలబడ్డాడో ఊరంతా కళ్ళారా చూస్తుంది కాబట్టి, మర్నాడు నా సెలూన్‌లో కూర్చుని నేనలా అనలేదే అని బుకాయించడానికి ఎవడికీ వీలుండదు.

ఈసారి రైలుకట్ట వైపు గోల్సు కొట్టే ఫార్వర్డ్, గిడ్డంగి వైపు గోల్సు ఆపే డిఫెండరు అని అప్పుడే పొక్కింది. నేను రైలుకట్ట వైపు. అంటే ఫార్వర్డ్ కావాలి. మీ క్లబ్బులో బెంచీ మీద కూర్చుని గడ్డి పీక్కుంటున్న ఆ పొడుగు ఫార్వర్డ్‌ని చవగ్గా వదిలేస్తారని వినికిడి. బస్సు డ్రైవరు వాడంటే చెవి కోసుకుంటున్నాడు. ఇప్పుడు కూడా సగం గెడ్డం నురగతో నా కుర్చీలో కూర్చుని, రాశావా రాశావా అని నన్ను తొందర పెడుతున్నాడు.

ఆ క్లబ్బు చికిత్స గదిలో పనిచేసేదానివి నువ్వు. వాడి కాళ్ళు నీ చేతుల్లో ఉంటాయి. ఒక్క ముక్క రాయి. వాడు గట్టివాడా, లోపల పుచ్చిన కర్రా?

ఫోను చెయ్యమనకు. ఫోనులో మాట గాలికి పోతుంది. రాసిన మాటయితే మళ్ళీ మళ్ళీ చదివి ధ్యానించవచ్చు. నేను బడికెళ్ళి నేర్చుకున్నది రెండక్షరాలు. మిగతాదంతా బైబిల్ వాక్యాన్ని కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. పంక్తి అడుగున ఏముందో తవ్వి చూడకుండా పేజీ తిప్పను. నీకు తెలుసుగా నా సంగతి.

వేళకి తింటున్నావా అని అత్తయ్య అడగమంది. అడిగాను.

అద్దం ముందునుంచి, కత్తెర పక్కన పెట్టి,
నీ మామయ్య


మే 14

మామయ్యకీ అత్తయ్యకీ,

వేళకే తింటున్నాను. ఆ వేళ నాది కాదు, మా చికిత్స గది చీఫ్‌ది. అంతే తేడా.

మామయ్యా, నీ ప్రశ్నకి జవాబు రాయను. నన్నింకా ప్రొబేషన్‌లోనే ఉంచారు. పర్మనెంటు చేస్తారో సంచి సర్దుకోమంటారో జూలైలో తేలుతుంది. చికిత్స గదిలో చూసింది, విన్నది గడప దాటకూడదని మా చీఫ్ మొదటి రోజే చెప్పారు. ఆయన అరిచే మనిషి కాదు. కోపం వస్తే మాట్లాడటం మానేస్తారు. దానికంటే అరిస్తేనే నయం. ఈ ఉద్యోగం కోసం నేనెంత చదివానో, ఎన్నాళ్ళు ఎదురుచూశానో నీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడి ఆటగాళ్ళ గురించి మంచిగానీ చెడుగానీ ఒక్క అక్షరం నా ఉత్తరంలో ఉండదు. మిగతావన్నీ రాస్తాను.

మూడో అంతస్తులో గది దొరికింది. లిఫ్టు లేదు. రెండో అంతస్తు దాటేసరికి నా కుడి మోకాలు పట్టేస్తోంది. వంటగదిలో రెండు కుళాయిలున్నాయి, ఎడమవైపుది కారుతుంది. కింద గిన్నె పెడితే పొద్దుటికి నిండిపోతుంది. నాతో గదిలో ఉండే అమ్మాయిని అందరం సైరన్ అంటాం. మనిషి బంగారం. నిద్రపోయిందంటే మాత్రం ఆ గురకకి కిటికీ అద్దాలు అదురుతాయి. తనూ నాతోపాటే చదివింది, ఇదే పని. చెప్పుకోవాలంటే నాకంటే బాగా చేస్తుంది. ఇక్కడ తనది తాత్కాలిక ఉద్యోగం, త్వరలో అయిపోతుంది. ఎక్కడైనా ఖాళీ ఉంటే చూడమంటోంది.

మన జట్టు గురించైతే నోరు విప్పవచ్చు, అదేం రహస్యం కాదు. పోయిన సీజన్ అంతా మనవాళ్ళు సగంమంది కాళ్ళకి పట్టీలతో గ్యాలరీలో కూర్చుని ఆట చూశారు. తొడ పట్టేసిన కెప్టెన్‌కి వేడినీళ్ళ కాపడం పెట్టి మర్నాడే ఆడించారని పేపర్లో చదివి నేను తల పట్టుకున్నాను. మీకు కావలసింది కొత్త ఆటగాడు కాదు, ఉన్నవాళ్ళని నిలబెట్టే ఫిజియో. నా అభిప్రాయం అంతే. ఇందులో ఇంతకంటే ఏమీ లేదు.

మీ
మేనకోడలు


మే 21

వివేకం గల తల్లీ,

నీ ఉత్తరం అందింది. అర్థమైంది కూడా. బైబిల్లో చెరసాలలోంచి వచ్చి బక్క ఆవుల కలకి అర్థం చెప్పిన యువకుడు రాజుగారి ముందు ఎంత నిబ్బరంగా నిలబడ్డాడో, సెలూన్‌లో నేనూ అంత నిబ్బరంగా నిలబడ్డాను.

ఆటగాళ్ళ గురించి ఒక్క అక్షరం రాయనన్నావు. రాయకూడని పరిస్థితిలో ఉన్నావు. మరి వెంటనే మెట్లు ఎందుకొచ్చాయి? మోకాలు ఎందుకొచ్చింది? అందులోనూ కుడి మోకాలని విడమరిచి ఎందుకు చెప్పావు? ఆ ఫార్వర్డ్ బంతి కొట్టేది కుడికాలితో. ఉత్తరం మడవకముందే నాకు తెలిసిపోయింది. వాడి మోకాలు అయిపోయింది. రెండో అంతస్తు, అంటే రెండో అర్ధభాగం దాటేసరికి పట్టేస్తుంది.

రెండు కుళాయిలని రాశావు. ఎడమవైపుది కారుతుందన్నావు. పోయిన సీజన్‌లో మనకి పడ్డ గోల్సు చాలావరకు ఎటునుంచి పడ్డాయి? ఎడమవైపునుంచి. కింద గిన్నె పెడితే నిండిపోతుందన్నావు. ఆ గిన్నె మన గోల్‌పోస్టే కదా. ఇది చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. వాక్యంలో రాజుగారి గోడ మీద రాసిన వేళ్ళు కూడా ఇంత తేటగా రాసి ఉండవు. మనకి కావలసింది ఫార్వర్డ్ కాదు, ఎడమవైపు కాపు కాసే లెఫ్ట్‌బ్యాక్.

ఇక నిద్రపోతూ గురక పెట్టే ఆ సైరన్. అది మన గోల్‌కీపరు. ఆ అర్థం చెబితే వాడి వదిన నొచ్చుకుంటుందని పైకి చెప్పలేదు, ఆమె మన వీధే.

ఫిజియో అనే ముక్క కూడా రాశావు. సరే, అది పైపై మాట, పరాయి కళ్ళని మళ్ళించడానికి కట్టిన తెర. నేను తెర దగ్గర ఆగే మనిషిని కాను.

ఉత్తరం సెలూన్‌లో అందరికీ చదివి వినిపించాను. గెడ్డం సగంలో ఉన్న బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచిపోయాడు. మెట్లంటే మెట్లేనేమో, నువ్వెందుకు మోకాళ్ళ మీద పడ్డావని దెబ్బలాడాడు. నమ్మినవాళ్ళు మాత్రం చాలామంది. నేను కూడా గిడ్డంగి వైపుకి మారాను. పొరపాటు తెలిసినప్పుడు దారి మార్చుకోవడానికి సిగ్గుపడకూడదని సెలూన్ పైన ప్రార్థన గదిలో ఆదివారాలు నేను బోధించేదే కదా.

అత్తయ్య ఒక్క మాటే అంది: ‘‘పిల్ల మోకాలు నొప్పంటే మందు పంపాలిగానీ సభ పెడతారా?’’ పాపం, ఆమెకి మర్మాలు అందవు. మందు పంపుతోంది.

తవ్వి చూసిన ఆనందంలో,
నీ మామయ్య


మే 29

మామయ్యా,

ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైరన్‌కి వినిపిస్తే అది పడీపడీ నవ్వింది, కింది అంతస్తువాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

దయచేసి నిదానంగా చదువు. కుడి మోకాలు నాది. మెట్లు మా ఇంటివి. వాటిని రోజూ నేనే ఎక్కుతాను. కుళాయి మా వంటగదిలో ఉంది. అది కారుతోందని ఎందుకు రాశానంటే, అది కారుతోంది కాబట్టి. ఆ ఫార్వర్డ్ గురించి నేనేమీ చెప్పలేదు. బాగున్నాడనీ చెప్పలేదు, బాగాలేడనీ చెప్పలేదు. చెప్పను కూడా.

నా ఉత్తరాలు సెలూన్‌లో చదవకు. ఎవరి నోటినుంచి ఎక్కడికి పోతుందో తెలియదు. మా చీఫ్ చెవిన పడితే నా పని గోవిందా.

నువ్వు దేనికీ అర్థం తియ్యలేని సంగతులే ఇకమీదట రాస్తాను. ఈ వారం వాన పడలేదు. కుళాయి బాగుచేసే ఆయన మంగళవారం వచ్చాడు. సైజు కుదరని వాషరు తెచ్చి, తిప్పి తిప్పి చూసి, రేపొస్తానని వెళ్ళాడు. ఇంకా రాలేదు. దేవుడి తోడు, ఇంతే.

అత్తయ్యా, మందు అందింది. మోకాలు కాస్త నయం. అంటే నా మోకాలు.

మీ మేనకోడలు


జూన్ 7

పాముల్లా వివేకంగా, పావురాల్లా నిష్కపటంగా ఉండమన్న బోధని పాటిస్తున్న నా తల్లీ,

ఎంత తెలివిగా కాదన్నావు. బాగున్నాడని ఒక్క మాట రాసేస్తే పోయేదానికి, బాగున్నాడనీ చెప్పను, బాగాలేడనీ చెప్పను అన్నావు. బాగున్నవాడి గురించి ఇంత జాగ్రత్త ఎవరికి కావాలి? నువ్వు కాదంటున్నకొద్దీ నాకు నమ్మకం గట్టిపడుతోంది.

సైజు కుదరని వాషరు దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయాను. కోళ్ళు కూయకముందే లేచి ధ్యానించాను. చివరికి తేలింది. కమిటీవాళ్ళు ఎడమవైపు ఆడించడానికి చూస్తున్న కుర్రాడు అసలు కుడికాలి ఆటగాడట. సైజు కుదరని వాషరంటే వాడే. ఆ ముక్క అధ్యక్షుడికి చెప్పి పంపాను. ఆయన నోరెళ్ళబెట్టాడట, నీకెలా తెలిసిందని.

ఉత్తరం సెలూన్‌లో చదవలేదు. నీ మాట జవదాటలేదు. ఆటల పేజీలో రాసే విలేకరి గెడ్డం సరిచేయించుకోవడానికి వచ్చాడు. అతనికి చదివి వినిపించలేదు, ఊరికే సారాంశం చెప్పాను. పేరు ఎత్తలేదు. పెద్ద క్లబ్బు చికిత్స గదిలో మనవాళ్ళున్నారని మాత్రం అన్నాను. అది గురువారం పేపర్లో పడింది. నమ్మదగిన వర్గాల సమాచారం ప్రకారం పొడుగు ఫార్వర్డ్ కుడి మోకాలు చెడింది అని. నమ్మదగిన వర్గాలంటే మనమే. ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించాను.

వాన పడలేదన్నావు. మన గోల్సు కరువు గురించి బెంగపడకు. చిన్న మబ్బు కనిపిస్తోంది.

నీ మామయ్య


జూన్ 15

అత్తయ్యా,

ఈ ఉత్తరం నీకు. మామయ్యకి నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఆపి వివరించనివ్వకు.

పేపరు మా చీఫ్ బల్ల మీదికి వచ్చింది. ఊరు చూశారు. నా దరఖాస్తులో ఊరు చూశారు. నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఎవరికైనా ఏమైనా చెప్పావా అని అడిగారు. చెప్పలేదన్నాను. మరి ఇదెలా వచ్చిందన్నారు. మా మామయ్య మా ఇంటి మెట్లనుంచి తీశాడని ఎలా చెప్పను? చెప్పాను. ఆయన నా వంక చాలాసేపు చూసి, మాట్లాడటం మానేశారు.

ఇప్పుడు నేను చికిత్స గదిలోకి వెళ్ళకూడదు. బట్టలుతికే గదిలో కూర్చుని ఉతికిన పట్టీలు చుట్టిపెడుతున్నాను. ఆ ఫార్వర్డ్ నన్ను చూసి పలకరించడం మానేశాడు. అతన్ని కొనాలనుకున్నవాళ్ళు ఇప్పుడు వెనకాడుతున్నారట. అతను నాకేం అపకారం చేశాడని? ఈ సంగతి ఇలాగే ఉంటే వచ్చే నెల నాకు సంచి సర్దుకోవడమే.

మామయ్య చెడ్డవాడు కాదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆట చూపించినవాడు ఆయనే. ఆటగాడు కిందపడితే అందరూ బంతి వైపు చూస్తారు, నువ్వు వాడి కాలు చూస్తావేమే అన్నది కూడా ఆయనే. అందుకే ఈ పనిలోకి వచ్చాను. ఆ పని ఆయన వల్లే పోయేలా ఉంది.

ఇక కొన్నాళ్ళు ఉత్తరం రాయను. రాసినదానికి ఇంత అర్థం ఉంటుందంటే భయంగా ఉంది.

నీ మేనకోడలు


జూన్ 29

తల్లీ,

పలకరింపు రాయడానికి మొహం చెల్లడం లేదు. తిన్నగా సంగతిలోకి వస్తాను.

నీ ఉత్తరం అత్తయ్య చదివింది. ఆపి వివరించే ధైర్యం నాకు లేకపోయింది. చదివాక ఆమె అన్నం వడ్డించింది, మాట్లాడలేదు. మీ చీఫ్ పద్ధతి ఇంత పదునుగా ఉంటుందని నాకప్పుడు తెలిసింది. మర్నాడు అద్దం పక్కన అంటించిన పేపరు ముక్క గీకేశాను. సగం ఊడింది, సగం అక్కడే ఉంది. రోజంతా గెడ్డాలు గీస్తూ దాని మొహమే చూశాను.

నిన్న సభ జరిగింది. అధ్యక్షుడు రెండు జవాబులు చెప్పాడు: రైలుకట్ట వైపు ఫార్వర్డ్, గిడ్డంగి వైపు లెఫ్ట్‌బ్యాక్. చెప్పాడో లేదో జనం గిడ్డంగి వైపుకి కదిలారు. నా బోధ ఫలించింది. బస్సు డ్రైవరుతో రైలుకట్ట వైపు మిగిలినవాళ్ళు ఒక్క బెంచీకి సరిపోతారు. నెల కిందట అయితే ఆ దృశ్యం చూసి చేతులెత్తి స్తోత్రం చెప్పేవాణ్ణి.

అధ్యక్షుడి చేతిలోంచి మైకు లాక్కున్నాను. ప్రార్థన గదిలో మైకు లేకుండా వీధి చివరికి వినిపించే గొంతే నాది, అయినా మైకు నోటికి ఆనించి పట్టుకున్నాను. ఇలా అన్నాను:

‘‘నేను అబద్ధబోధ చేశాను. నా మేనకోడలు ఆ ఫార్వర్డ్ గురించి ఒక్క ముక్క రాయలేదు. మోకాలు ఆమెది. మెట్లు ఆమె ఇంటివి. మీరందరూ కోరి నిలబడ్డ ఆ లెఫ్ట్‌బ్యాక్ వాళ్ళ వంటగది కుళాయిలోంచి వచ్చాడు.’’

ఎవడో కుళాయి అని గట్టిగా అన్నాడు, ఇక గోల్‌పోస్టుల వెనక నవ్వు మొదలైంది. విలేకరి ముందు వరసలోనే ఉన్నాడు. ఇది కూడా రాయి, నా పేరు పెట్టి రాయి, నమ్మదగని వర్గం అని రాయి అన్నాను. రాసుకున్నాడు.

దాంతో గిడ్డంగి వైపువాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. కొందరు రైలుకట్ట వైపుకి నడిచారు, కొందరు మళ్ళీ వెనక్కి తిరిగారు. ఎడారిలో దారి తప్పిన జనం కూడా అంత తికమకపడి ఉండరు. అప్పుడు మైదానం మధ్యలో, సున్నం గీసిన పెద్ద గుండ్రంలో, మీ అత్తయ్య చేతిసంచి కింద పెట్టి నిలబడిపోయింది.

అమ్మా, అక్కడ నిలబడితే లెక్కలోకి రాదు, ఏదో ఒక పోస్టు వెనక్కి వెళ్ళండి అన్నాడు అధ్యక్షుడు.

‘‘మరి మా అమ్మాయి మొదటి ఉత్తరంలో రాసిన మాటకి ఏ పోస్టు వెనక నిలబడాలి?’’ అంది అత్తయ్య.

ఏ మాటండీ అన్నాడాయన.

‘‘ఉన్నవాళ్ళని నిలబెట్టే ఫిజియో కావాలంది. తేట తెలుగులో రాసింది. మా ఆయన ఆ పంక్తి ఒక్కటే తవ్వకుండా దాటేశాడు.’’

అదే సమయానికి మన కెప్టెన్, ఇంకా తొడకి పట్టీ ఉంది, కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వాడి వెనక ఇంకో కుంటివాడు. ఆ వెనక చేతికి కట్టు ఉన్న గోల్‌కీపరు, వాడి వదిన. నడవగలిగినవాళ్ళకంటే నడవలేనివాళ్ళే ముందొచ్చారు తల్లీ. వాక్యంలో చదివిందే, నా కళ్ళతో చూస్తాననుకోలేదు. బస్సు డ్రైవరు రైలుకట్ట వైపు ఒక్కడే నిలబడి కాసేపు బింకంగా చూశాడు. తర్వాత సణుక్కుంటూ వాడూ వచ్చేశాడు. గుండ్రం చాలక జనం గీత దాటి నిలబడ్డారు. మన క్లబ్బు పుట్టినప్పటినుంచీ మధ్య గుండ్రానికి ఓటు పడటం ఇదే మొదలు.

నేను మాత్రం వెళ్ళలేదు. నా రక్తసంబంధం కోసం నిలబడ్డాడని రేపెవరైనా అంటారని, మూల జెండా దగ్గర నిలబడ్డాను. ఆ జెండా పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను, గాలికి దుమ్ము పడిందని చెప్పాను.

సీజన్ అంతటికీ ఒక ఫిజియోని పెట్టుకోవడానికి కమిటీ ఒప్పుకుంది. మిగిలిన దాంతో ఎవరినైనా అరువు మీద తెస్తారట. నీ మనసులో ఉన్నదేమిటో ఇప్పుడు నాకు తెలిసింది. ఇంటికి రావాలని ఉండీ చెప్పలేక అలా రాశావు. ప్రార్థన గది పక్క గదికి సున్నం వేయించాను. కిటికీకి కొత్త తెర కుడుతోంది అత్తయ్య. అక్కడ నిన్ను వద్దంటే ఇక్కడ ఉద్యోగం సిద్ధం. ఎప్పుడొస్తున్నావు?

క్షమాపణ అడగడం కూడా సరిగా రాని,
నీ మామయ్య


జూలై 9

మామయ్యకి, అత్తయ్యకి,

నమ్మదగని వర్గం క్షేమమే అనుకుంటాను.

పేపరు ఇక్కడికీ వచ్చింది. చీఫ్ నన్ను బట్టల గదినుంచి పిలిచి, అందరి ముందు పైకి చదివారు. ‘వాళ్ళ వంటగది కుళాయిలోంచి’ అన్నచోటికి వచ్చేసరికి ఆయన చదవలేక నవ్వేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మనిషి నవ్వగా ఇంతకుముందు చూసినవాళ్ళు ఇక్కడెవరూ లేరు. ఆ ఫార్వర్డ్ అయితే మంచం మీదనుంచి జారి కిందపడ్డాడు, మోకాళ్ళ మీదే.

అతన్ని వేరే క్లబ్బువాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళ డాక్టర్లు పరీక్ష చేసి, రెండు మోకాళ్ళూ రాయిలా ఉన్నాయని వాళ్ళే పేపరుకి చెప్పారు కాబట్టి ఇప్పుడు నేనూ రాయవచ్చు. చీఫ్ అన్నదేమిటంటే: ‘‘ఈ అమ్మాయే రహస్యం చెప్పి ఉంటే నిజం చెప్పి ఉండేది. ఆ మోకాళ్ళు ఎంత గట్టివో ఈమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.’’ నిన్న పర్మనెంటు కాగితం చేతికిచ్చారు.

కాబట్టి మామయ్యా, నేను రావడం లేదు. వస్తానని ఎక్కడ రాశాను? మళ్ళీ తవ్వావు. సున్నం వేయించడానికి ముందు ఒక్కసారి అడిగి ఉండాల్సింది. నాకు ఈ పని ఇష్టం. ఈ ఊరు ఇష్టం. మెట్లు కూడా అలవాటయ్యాయి.

నా మొదటి ఉత్తరం తీసి చదువు. తవ్వకుండా, ఊరికే చదువు. నాకంటే బాగా పనిచేసే ఫిజియో ఒకామె ఉందని, ఆమెకి ఉద్యోగం కావాలని అందులో ఉంది. నువ్వు ఆమెని తీసుకెళ్ళి గోల్‌కీపరుని చేశావు. సైరన్ ఉద్యోగం పోయిన నెలలో అయిపోయింది. కమిటీకి దరఖాస్తు పంపమన్నాను. ఆటగాళ్ళలా ఆమెని డబ్బు పెట్టి కొనక్కర్లేదు, రమ్మంటే చాలు.

గది సున్నం వృథా కాదులే. కాకపోతే ఒక మాట ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనకు: ఆమె గురక పెడుతుంది.

చీఫ్ నవ్విన చనువుతో నేనూ ఒకటి అడిగాను, సీజన్ మొదటి మ్యాచ్‌కి సెలవు. ఇచ్చారు. వస్తాను. నీ భుజాల మీద ఇప్పుడు కుదరదుగానీ, పక్కన నిలబడతాను.

మీ మేనకోడలు


ఆగస్టు 24

తల్లీ,

నీకూ, నీ చీఫ్‌కూ, బాగుపడిన నీ మోకాలికీ సమాధానం.

నువ్వు రైలెక్కిన మర్నాడే రాస్తున్నాను. మ్యాచ్‌లో మనం గెలవలేదు, నువ్వూ చూశావు. గోల్ లేదు. ఎడమవైపు కారుతూనే ఉంది. బస్సు డ్రైవరు ఇప్పటికీ నా కుర్చీలో కూర్చుని ఆ పొడుగు ఫార్వర్డ్ పేరెత్తి నిట్టూరుస్తాడు, అక్కడ వాడు అప్పుడే రెండు గోల్సు కొట్టాడట. కానీ ఆట అయిపోయాక మన పదకొండుమందీ ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి బయటికి వచ్చారు. గ్యాలరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నడిచినందుకు చప్పట్లు కొట్టడం వేరేచోట్ల వింతగా ఉంటుందేమో. నేనైతే ఆదివారం దాని మీదే బోధించాను, పడకెత్తుకుని నడిచినవాడి గురించి.

సైరన్ నన్ను బాబాయ్ అంటోంది, అత్తయ్యని పిన్ని అంటోంది, సెలూన్‌లోకి వచ్చి కుర్చీలో ఉన్నవాడి మెడ చూసి నువ్వు తప్పుగా కూర్చుంటున్నావని తగాదా పెట్టుకుంటోంది. కెప్టెన్ కాపడం పెట్టుకోవడానికి వేడినీళ్ళు అడిగితే బకెట్టు లాక్కుందట. వాడు ఇప్పుడు ఆమె నీడ కనిపిస్తే నిటారుగా నడుస్తాడు.

నువ్వు వెళ్ళాక సర్దుకుంటూ నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. వరసగా, పైనుంచి కిందికి, దేన్నీ తవ్వకుండా. ఇన్నేళ్ళ అలవాటు, కష్టంగానే ఉంది. చదువుతుంటే అత్తయ్య పక్కన కూర్చుని నా వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తోంది.

ఈ పొద్దున ప్రార్థనకి మోకరించాను. కళ్ళు మూసుకున్నాను. గదంతా నిశ్శబ్దం. అప్పుడు గోడ అవతలినుంచి ఒక ధ్వని పుట్టింది. కిటికీ అద్దాలు అదిరాయి, బల్ల మీద గ్లాసు కదిలింది. నెల కిందట అయితే దానికి ఏం అర్థమో సాయంత్రందాకా వెతికి ఉండేవాణ్ణి.

ఆమె గురక పెడుతోంది.

నీ మామయ్య